లిటిల్ అండమాన్ పడమటి తీరం: ఒడ్డున కాలు పెట్టకుండా సర్ఫింగ్ చేసి వస్తే తప్పు లేనట్టేనా?

రుషికొండ_కెరటం

నిన్న పొద్దున్నే లిటిల్ అండమాన్ దీవిలోని హట్ బే జెట్టీలో దిగాను. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) నుంచి ప్రభుత్వ ఓడలో ఎనిమిది గంటలు పట్టింది. డెక్ మీద ఉల్లిపాయల బస్తాలు, ఇనప రేకులు, కోడిపిల్లల బుట్టలు, వాటి మధ్య తాడుతో కట్టిన నా బోర్డు సంచి. జెట్టీ మీదకి ఎక్కుతుంటే ఒక తాత సంచి రెండో కొస అందుకుని, "ఇదేటి బాబూ, ఇంత పొడుగుంది, తలుపా?" అని అడిగాడు. వాళ్ల నాన్న సోంపేట వైపు నుంచి వచ్చాడట. ఆ యాస చెవిన పడేసరికి ప్రయాణం బడలిక సగం తీరింది.

సంగతికి వస్తాను. నాలుగేళ్లుగా రుషికొండలో బోర్డు ఎక్కుతున్నాను. మన దగ్గర చాలావరకు దగ్గర్లో గాలికి పుట్టిన అలలే, ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా ఇక్కడికి వచ్చేవి వేరు. హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన తుపానుల్లో పుట్టి, వేల కిలోమీటర్లు నడిచి వస్తాయి. అలకీ అలకీ మధ్య పదిహేను సెకన్ల దాకా ఎడం ఉంటుంది. అవి నేరుగా తగిలేది నైరుతి, పడమటి తీరాలకి. అక్కడ పగడపు దిబ్బ మీద అల గోడలా లేచి, ఒక పక్క నుంచి వరసగా విరుగుతూ పోతుందని చూసినవాళ్లు చెప్పారు. తూర్పున ఉన్న బట్లర్ బేకి అదే అల దీవి చుట్టూ తిరిగి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది.

డుంగీ (చిన్న పడవ) నడిపే ఒకాయన పడమటి వైపు తీసుకెళ్తానంటున్నాడు. కానీ అది ఈ దీవి ఆదివాసులైన ఓంగీలకి కేటాయించిన రిజర్వు. ఒడ్డున కాలు పెట్టం. పడవలోంచి దూకి, అలలు పట్టి, మళ్లీ పడవెక్కి వచ్చేస్తాం. ఇందులో తప్పుందా? రాత్రంతా ఇదే ఆలోచన. ఉన్నదున్నట్టు చెప్పండి.

జంగ్లీఘాట్_అక్క

తమ్ముడూ, నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి చేపల వేటకి వచ్చి జంగ్లీఘాట్‌లో ఉండిపోయాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగువాళ్లు 13 శాతం. చుట్టపు చూపుగా వచ్చినవాళ్లం కాదు మనం. ఇక్కడ జరిగిన మంచిలోనూ చెడులోనూ మనకి పాలుంది. అందుకే చెబుతున్నా, వెళ్లకు.

1901లో ఓంగీలు 672 మంది. 2011లో 101. ఒకప్పుడు దీవి మొత్తం వాళ్లదే. బయటివాళ్లు వచ్చారు, వాళ్లతో రోగాలు వచ్చాయి. తర్వాత కాందిశీకులకి భూములివ్వడానికి అడవి కొట్టారు. ఇప్పుడు వాళ్లు ఎక్కువగా ఉండేది డుగాంగ్ క్రీక్ అనే ఊళ్లో. అనుమతి లేకుండా ఎవరూ వాళ్ల చోటికి వెళ్లకూడదని 1956లో రెగ్యులేషన్ తెచ్చింది ఇందుకే.

"ఒడ్డున దిగం" అంటున్నావు. వాళ్ల బతుకు ఒడ్డు దగ్గర ఆగిపోదు కదా. నీరు తీసినప్పుడు వాళ్లు చేపలు, పీతలు పట్టుకునేది ఆ దిబ్బల మీదే. మీ ఇంట్లోకి రాలేదు, పెరట్లో కాసేపు ఆడుకుని పోయాను అంటే మీ అమ్మ ఊరుకుంటుందా?

ఇంకో మాట. 2008 డిసెంబరులో ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ క్యానులో ఉన్నది సారా అనుకుని తాగి, డుగాంగ్ క్రీక్‌లో ఎనిమిది మంది ఓంగీలు చనిపోయారు. ఉన్నదే వంద మంది, అందులో ఎనిమిది మంది. ఆ క్యాను సముద్రంలో పడేసినవాడు కూడా ఒడ్డున కాలు పెట్టలేదు.

కోవళం_తమ్ముడు

అక్కా, మీరు చెప్పింది చదివితే మనసుకి కష్టంగా ఉంది. అయినా పూర్తిగా ఒప్పుకోలేను. అటువైపు చేపల పడవలు పోతూనే ఉంటాయి. ఒక మనిషి, ఒక బోర్డు, ఒక్క పేపరు ముక్క కూడా వదలకుండా తిరిగి వస్తే దాన్ని క్యానుతో పోల్చడం న్యాయం కాదు.

నేను చెన్నై దగ్గర కోవళంలో ఉంటాను. సర్ఫింగ్ వచ్చాక జాలరి కుటుంబాల పిల్లలు శిక్షకులయ్యారు, పోటీలకి వెళ్తున్నారు. హట్ బే కుర్రాళ్లకి ఆ దారి ఎందుకు వద్దు? మంచి అల ఉన్న చోటు మూసేస్తే ఆట ఎక్కడ పెరుగుతుంది?

ఇంకోటి. 2021లో ఈ దీవి మీద నీతి ఆయోగ్ ప్రణాళిక బయటికొచ్చింది. కొత్త నగరం, విమానాశ్రయం, రిసార్టులు, దానికోసం రిజర్వులో దాదాపు మూడో వంతు తీసెయ్యాలన్నారు. దాన్ని అడగాల్సింది పోయి, బోర్డు పట్టుకుని వచ్చిన కుర్రాణ్ణి ఆపుతున్నాం.

క్యాజువాలిటీ_నర్సు

తప్పా ఒప్పా మీరు తేల్చుకోండి. నేను గాయాల గురించి చెబుతాను.

రుషికొండలో అడుగున ఇసుక. పడితే దులుపుకుని లేస్తాం. పగడపు దిబ్బ మీద నడుము లోతు కూడా ఉండదు. లోతైన నీళ్లలోంచి వచ్చిన అల అక్కడ ఒక్కసారిగా లేచి పడుతుంది కాబట్టే అంత అందంగా కనిపిస్తుంది, అందుకే అంత ప్రమాదం కూడా. దిబ్బ మీద పడ్డ ఒక అబ్బాయి వీపుకి నేను కట్టు కట్టాను. కొబ్బరి కోరాం మీద గీకినట్టుంది. పైకి శుభ్రంగానే కనిపించింది. మూడో రోజుకి చీము పట్టింది. పట్టకారుతో తీస్తే పంచదార పలుకంత పగడపు ముక్కలు రెండు వచ్చాయి. మానడానికి మూడు వారాలు పట్టింది. పగడం గీసుకుంటే వెంటనే సబ్బు, మంచినీళ్లతో రుద్ది కడగాలి, ముక్కలు లేవని తేలేదాకా చూడాలి. సముద్రపు నీళ్లతో కడిగి ఊరుకోవద్దు.

అది వీపు. తలకి తగిలితే? పడమటి తీరం నుంచి హట్ బేకి డుంగీలో ఎన్ని గంటలు? హట్ బే ఆసుపత్రిలో కాకపోతే పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లాలి, సముద్రం బాగోకపోతే ఓడే ఉండదు. మొసళ్ల సంగతి కూడా మర్చిపోవద్దు. 2010లో ఇక్కడి హేవ్‌లాక్ దీవిలో స్నార్కెలింగ్ చేస్తున్న అమెరికన్ యువతిని ఉప్పునీటి మొసలి చంపేసింది. వాగు సముద్రంలో కలిసే చోట దిగొద్దు, పొద్దు వాలాక అసలే దిగొద్దు.

కోవళం_తమ్ముడు

దెబ్బల భయం ఆడేవాడికి తెలిసే దిగుతాడండీ, హెల్మెట్ పెట్టుకోవచ్చు. కానీ తొలిసారి దిబ్బ మీదకి ఒంటరిగా వెళ్లకూడదన్న మాట నేనూ ఒప్పుకుంటా. అది మాత్రం వద్దు, తమ్ముడూ.

జంగ్లీఘాట్_అక్క

ఆ ప్రణాళిక అంటే నాకూ భయమే. అందుకే ఈ మాట. ఈరోజు నువ్వు ఆ అల వీడియో పెడతావు. వచ్చే ఏప్రిల్‌కి పది డుంగీలు వెళ్తాయి. ఆ తర్వాత ఎవరో ఒకరు, ఇంతమంది ఎలాగూ వెళ్తున్నారు కదా, రిజర్వు దేనికి అంటారు. సౌత్ బే, వెస్ట్ బే ఇసుకలో గుడ్లు పెట్టే పెద్ద తోలు తాబేళ్లు కూడా ఆ మాటకే బలవుతాయి. ఒక్క మనిషి వల్ల ఏమీ కాదు, నిజమే. కానీ అది ఒక్క మనిషితో ఎక్కడా ఆగదు.

హట్ బే పిల్లలకి నేర్పాలనుంటే బట్లర్ బే ఉంది. అక్కడ నేర్పితే నేనే భోజనం వండి పంపిస్తా.

రుషికొండ_కెరటం

అందరికీ దండాలు. ఈరోజు రెండు పనులు చేశాను.

మొదట రిజర్వు అనుమతుల గురించి ఇక్కడి ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లి అడిగాను. అక్కడి ఉద్యోగి గోడ మీద మ్యాపు దగ్గరికి తీసుకెళ్లి, పడమటి తీరం పొడుగునా వేలు గీసి, "పడవలో ఉంటా అన్నా సరే, ముందు రాతపూర్వకంగా అడగాలి, అనుమతి వస్తుందని మాత్రం అనుకోవద్దు" అన్నాడు. అంతే, డుంగీ అన్నకి ఫోన్ చేసి రానని చెప్పేశాను. ఆయనేమీ అనుకోలేదు.

తర్వాత స్కూటర్ అద్దెకి తీసుకుని బట్లర్ బే వెళ్లాను, పద్నాలుగు కిలోమీటర్లు. అల భుజాల ఎత్తు ఉంది. రుషికొండలో అల వెనక అల తరుముతుంది కాబట్టి లేచి నిలబడేలోపే విరిగిపోతుంది. ఇక్కడ బోర్డు కింద నీరు నెమ్మదిగా పైకి లేచింది, చేతులు రెండుసార్లు వేశాను, అదే ఎత్తుకుపోయింది. మోకాళ్లు వంచి నిలబడ్డాక కూడా ఇంకా అల మిగిలి ఉంది. అలా ఒడ్డు దాకా వచ్చి నీళ్లలో కూర్చుండిపోయాను, నవ్వాగలేదు. ఇసుకలో చూస్తున్న ఇద్దరు పిల్లలు పరిగెత్తుకొచ్చి బోర్డుని ముట్టుకుని చూశారు. వాళ్లలో పెద్దవాణ్ణి మోకాలి లోతు నీళ్లలో పడుకోబెట్టి, నురగలో ఒకసారి తోశాను.

కోవళం తమ్ముడూ, పడమటి అల మీద ఆశ పోయిందని అబద్ధం చెప్పను. అక్క చెప్పిన పెరటి మాట దాటి వెళ్లలేకపోతున్నాను.

అక్కా, ఇంకా ఐదు రోజులుంటాను. ఆ పిల్లలు రేపు కూడా వస్తామన్నారు. పోటు ఎప్పుడో జెట్టీ తాతని అడిగితే, ఐదున్నరకి నీళ్లలో ఉండాలన్నాడు. ఇక్కడ ఐదుకే తెల్లారిపోతుంది.