‘పుణ్యపురుషులు వేరయా’: ఇక్కడ ‘వేరు’ అంటే ‘ఎక్కువ’ అనేనా?

కడప నుంచి:
మొన్న అమ్మను మా వీధిలో జరిగిన సత్సంగానికి తీసుకెళ్లాను. మాట్లాడినాయన తనకు ఆత్మజ్ఞానం కలిగిందని చెప్పి, ఆ వెంటనే వేమన ‘ఉప్పు కప్పురంబు’ పద్యంలోని ‘పురుషులందు పుణ్యపురుషులు వేరయా’ అని చదివాడు. ఇంటికి వచ్చే దారంతా అమ్మది ఒకటే ప్రశ్న: “అంటే మనం తక్కువోళ్లమనేనా?” అప్పటి నుంచి ఆ ‘వేరు’ నన్ను వదలడం లేదు. ఇంకో సంగతి. రెండో పాదం మా అవ్వ ‘చూడ జూడ’ అనేది, బళ్లో మాకు ‘చూడ చూడ’ అని నేర్పారు. ఏది సరైనది?

కదిరి నుంచి:
మీ అవ్వ చదివిందే పాత పద్ధతి. ‘చూడన్’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట కాబట్టి దాని తర్వాతి చకారం జకారమవుతుంది, ‘చూడఁ జూడ’. అచ్చులో అరసున్న పోయింది, తర్వాత జకారమూ పోయింది. అర్థం మాత్రం చూడగా చూడగా అనే. ఉప్పూ కప్పురమూ రెండూ తెల్లగానే ఉంటాయి, నాలుక మీద వేసుకున్నవాడికే తేడా తెలుస్తుంది. నేను కప్పురాన్ని అని కప్పురం చెప్పుకోదు కదా. మీ సత్సంగమాయన తన రుచి తానే చెప్పుకున్నాడు. ఆ పద్యం ఆయనకు పనికిరాదు.

ప్రొద్దుటూరు నుంచి:
‘రుచి’కి సంస్కృతంలో కాంతి అని కూడా అర్థం ఉంది, అది మరిచిపోతున్నారు. కప్పురం అంటుకుని వెలుగుతుంది, ఉప్పు అంటుకోదు. జ్ఞానికీ మామూలు మనిషికీ ఉన్న తేడా వేమన చెప్పింది ఆ వెలుగులోనే అని ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్నాను.

కదిరి నుంచి:
వద్దు సార్. ‘రుచి చూడటం’ మన ఇళ్లల్లో మాట. ‘చూడఁ జూడ’ పక్కనే ‘రుచుల’ ఉంది. కటారుపల్లెలో సమాధి ఉన్న మనిషి, మా పక్కూరాయన. వంటింటి మాటకు నిఘంటువు అక్కర్లేదు.

అనంతపురం నుంచి:
అసలు ప్రశ్న ‘వేరు’ గురించి. గణాలు కట్టి చూడండి. ‘వేరయా’ రగణం. ‘మిన్నయా’ కూడా రగణమే, ‘హెచ్చయా’ కూడా అంతే. యతి నాలుగో గణంలో ‘పురుషులు’ దగ్గరే కుదిరిపోయింది, చివరి గణంతో దానికి పని లేదు. పుణ్యపురుషులు మనకన్నా పైవాళ్లు అని చెప్పదలచుకుంటే వేమనకు ఛందస్సు అడ్డం కాలేదు. అయినా ‘వేరు’ అన్నాడు. నేను దీన్ని చిన్న విషయంగా తీసుకోలేను.

కర్నూలు నుంచి:
గణం కుదిరినంత మాత్రాన కవి మనసు తెలుస్తుందా? ‘కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా’ అన్నదీ ఆయనే. అక్కడ ‘అల్పుడు’ అని తేల్చేశాడు. కంచుకూ బంగారానికీ ధర ఒకటేనా? ఎక్కువ తక్కువలు ఆయన తూచనివి కావు.

అనంతపురం నుంచి:
తూచింది మోతను బట్టి అన్నా. మోగేది కంచు. తనకు జ్ఞానం కలిగిందని మైకులో చెప్పుకోవడం మోత కాదా?

ప్రొద్దుటూరు నుంచి:
బంగారం మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మకుటంలోని అభిరాముడు వేమన స్నేహితుడైన కంసాలి అని కథ ఉంది. దానికన్నా నన్ను పట్టేసింది ‘వినుర’లోని ‘ర’. ‘వినుము వేమ’ అన్నా మూడు లఘువులే, గణం చెడదు. తనను తాను ‘రా’ అని పిలుచుకున్నాడు. మనకేమో ‘వేరయా’ అని ‘అయా’ పెట్టాడు. గౌరవం మనకు, చనువు తనకు. తాను పైన ఉన్నాననుకునే మనిషి ఇట్లా రాయడు.

కర్నూలు నుంచి:
మరి ‘చిత్తశుద్ధిలేని శివపూజలేలరా’? ఆ ‘రా’ ఎవరికి సార్? మనకే కదా!

ప్రొద్దుటూరు నుంచి:
అది కూడా తనకే చెప్పుకున్నాడంటాను.

రాజంపేట నుంచి:
మా తాళ్లపాక అన్నమయ్యను వదిలేసి ఇంత చర్చా? ‘కందువగు హీనాధికము లిందు లేవు’. హీనం, అధికం అని పేరు పెట్టి మరీ కాదన్నాడు. రాజు నిద్రా బంటు నిద్రా ఒకటే అన్న కీర్తన అది, నాకు ప్రాణం. కానీ ఆ ‘కందువ’ నాకు ఇప్పటికీ తెగదు. చోటా, గుట్టా, నేర్పా? ‘గుట్టుగా మనసులో పెట్టుకున్న ఎక్కువ తక్కువలు’ అని తీసుకుంటే మీ సత్సంగం సంగతికి కూడా సరిపోతుంది.

కదిరి నుంచి:
చోటు అనే నాకు తోస్తుంది అక్కా. ఆ వెంటనే ‘ఇందు’ ఉంది చూడండి.

రాజంపేట నుంచి:
‘ఇందు’లోనే చోటు ఉన్నప్పుడు మళ్లీ చోటు ఎందుకు?

కడప నుంచి:
అందరికీ దండాలు. అమ్మకు ‘మిన్నయా’ సంగతి చదివి వినిపించాను. “అయితే ఉప్పు తక్కువని ఆయన అనలేదన్నమాట” అంది. కాసేపాగి, “మరి పుణ్యపురుషుడు ఉప్పా, కప్పురమా?” అని అడిగింది. అందరం కప్పురమే అనుకుంటున్నాం గానీ పద్యంలో ఏది ఎవరో చెప్పనే లేదు. ఆ జకారం సంగతి చూడటానికి ఆదివారం బ్రౌన్ గ్రంథాలయానికి పోతున్నాను, ఆయన 1829లో అచ్చు వేయించిన పద్యాల్లో ఇది ఉంటే పాఠం రాసుకొస్తాను.

ప్రొద్దుటూరు నుంచి:
‘రుచుల’నా ‘రుచులు’నా అనేది కూడా చూడండి. నాకు అది కావాలి.