మాంట్‌గోమరీ బస్సుల పోరాటం: క్లోడెట్ కొల్విన్‌ను పక్కన పెట్టడం న్యాయమేనా?

మాధవి_కె: 1955 మార్చి 2న అమెరికాలో, అలబామాలోని మాంట్‌గోమరీలో తెల్లవాళ్ల కోసం సీటు వదలనన్నందుకు పదిహేనేళ్ల నల్లజాతి పిల్ల కొల్విన్‌ను పోలీసులు బస్సులోంచి ఈడ్చుకెళ్లారు. అలాగే సీటు వదలనన్న రోసా పార్క్స్ అరెస్టు డిసెంబరు 1న. ఉద్యమ పెద్దలు కొల్విన్‌ను పక్కన పెట్టి, పార్క్స్‌ను ముందుంచి నల్లవాళ్ల చేత బస్సుల బహిష్కరణ నడిపించారు. అయినా అందరి నోటా పార్క్స్ పేరే. ఎందుకని?

లెక్కలమాస్టారు: కొల్విన్ మొదటావిడేం కాదు. 1944లోనే వర్జీనియాలో ఐరీన్ మోర్గాన్ లేవనన్నారు. 1946లో సుప్రీంకోర్టులో గెలిచారు కూడా.

మాధవి_కె: నేను ‘మొదటావిడ’ అన్నానా మాస్టారూ?

లెక్కలమాస్టారు: తేదీలు ఇచ్చారంటే అర్థం అదే కదండీ.

గోదావరిగట్టు: పెద్దలు చేసింది సరైన పనే. పార్క్స్ 42 ఏళ్ల మనిషి, నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ శాఖ కార్యదర్శి, ఊళ్లో గౌరవం ఉంది. కొల్విన్ చిన్నపిల్ల, పైగా పెళ్లి కాకుండా గర్భవతి. అవతలివాళ్లకు వంక దొరికితే వదులుతారా?

మాధవి_కె: ఆ పిల్లకు కొడుకు పుట్టింది 1956 మార్చిలో. అరెస్టు నాటికి గర్భమెక్కడిది? మాస్టారూ, ఈ లెక్క వేయండి ముందు.

రాణి_వైజాగ్: జార్జియా గిల్మోర్ వంటలు చేసి అమ్మి బస్సులు మానేసినవాళ్లను తిప్పే ఉద్యమం కార్లకు డబ్బులిచ్చారు. ఆవిడ పేరూ తలుచుకోండి.

మాధవి_కె: పార్క్స్ అరెస్టైన రాత్రి అక్కడి లెక్చరరు జో ఆన్ రాబిన్సన్ తన కాలేజీలో కూర్చుని, బస్సులెక్కొద్దంటూ వేల కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు. నాలుగు రోజులు తిరక్కుండానే బహిష్కరణ నడపడానికి సంఘం పెట్టి మగవాళ్లు అధ్యక్షులయ్యారు. మా లెక్చరర్ల సమ్మెకు కరపత్రాలన్నీ నేనే రాశాను. సభ రోజున నాకిచ్చిన పని పూలదండలు అందించడం!

గోదావరిగట్టు: ఓహో, అసలు బాధ ఇదా! రాబిన్సన్ కావాలనే వెనక ఉన్నారమ్మా. ప్రభుత్వ కాలేజీ ఉద్యోగం, ఊడుతుందని భయం.

మాధవి_కె: బాధే, దాచుకోను. రాబిన్సన్ వెనక ఉండాలని తానే అనుకున్నారు. కొల్విన్ సంగతి తేల్చింది పెద్దలు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

గోదావరిగట్టు: గెలుపు ముఖ్యమా, పేరు ముఖ్యమా? ఆ పిల్లను ముందు పెట్టాక ఏమైనా జరిగి ఉంటే మీరే వాళ్లను తిట్టేవారు.

మాధవి_కె: తిట్టేదాన్నే. మరి 1956లో బ్రౌడర్ వర్సెస్ గేల్ దావాలో వాదిగా పెట్టింది ఎవరిని? చివరిదాకా నిలబడిన నలుగురూ ఆడవాళ్లే, వాళ్లలో పార్క్స్ లేరు, కొల్విన్ ఉంది. బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తేల్చింది ఆ కేసే. చంటిబిడ్డ తల్లిని మేలో సాక్ష్యానికి బోనెక్కించేటప్పుడు మీరన్న వంకలన్నీ ఏమయ్యాయి?