గంగవ్వ ఉన్న ఎపిసోడ్లు ఏవి చూపించాలి?

మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది, నెలరోజులు మంచం దిగొద్దన్నారు. టీవీ రిమోట్ ఇప్పుడు ఆవిడ దిండు కిందే ఉంటోంది. 2024లో బిగ్‌బాస్ సీజన్ 8కి గంగవ్వ వైల్డ్ కార్డుగా వచ్చినప్పుడు మొదటిసారి చూసింది, అప్పటినుంచి ఒకటే మాట: "ఆ ముసలమ్మ ముందు కూడా వచ్చిందటగా, అది పెట్టరా."

అది 2020 నాటి సీజన్ 4. అభిజీత్ గెలిచాడు, ఫైనల్లో సోహెల్ 25 లక్షలు తీసుకుని బయటికొచ్చేశాడు, అంతవరకు నాకు గుర్తే. గంగవ్వ మాత్రం ఆరోగ్యం బాగోక మధ్యలోనే వెళ్లిపోయింది. వంద పైచిలుకు ఎపిసోడ్లు, అన్నీ వేస్తే అరుపులకే అమ్మకి బీపీ పెరుగుతుంది (నాకూ).

అప్పట్లో రోజూ చూసినవాళ్లు ఎవరైనా చెప్పండి: గంగవ్వ తీరిగ్గా కూర్చుని కబుర్లు చెప్పింది ఏయే రోజుల్లో? నాగార్జున గారు వచ్చే శని, ఆదివారాలు మాత్రమే వేస్తే సరిపోతుందా? ఆవిడ వెళ్లిపోయిన ఎపిసోడ్ నంబరు కూడా కావాలి. అది మాత్రం అమ్మకి చూపించను, ఏడుస్తుంది.