వాల్వ్ కవర్ నుంచి రెండు పైపులు, పీ0171 కోడ్: ఏది చూడాలి?

టర్బో లేని పెట్రోల్ ఇంజిన్. వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) నుంచి ఒక పైపు పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి గ్యాస్‌ని బయటికి వదిలే వాల్వ్) మీదుగా ఇంటేక్ మానిఫోల్డ్‌కి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలకి), రెండోది ఎయిర్ ఫిల్టర్ తర్వాతి గొట్టానికి వెళ్తున్నాయి. రెండోదాని లోపల ఆయిల్ తడి ఉంది. ఐడిల్ నిలకడగా లేదు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1:
పిస్టన్ రింగులు దాటి కొంత గ్యాస్ ఎప్పుడూ క్రాంక్‌కేస్‌లోకి (క్రాంక్‌షాఫ్ట్ ఉండే ఇంజిన్ అడుగు భాగంలోకి) దిగుతుంది. మానిఫోల్డ్ వాక్యూమ్ దాన్ని మొదటి పైపులోంచి లాగేస్తే, ఆ చోటికి రెండో పైపులోంచి ఫిల్టరైన గాలి వస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో వాక్యూమ్ దాదాపు ఉండదు కాబట్టి గ్యాస్ రెండో పైపులోంచి ఎదురు పారుతుంది. ఆ తడి అందుకే. పల్చగా ఉంటే కంగారు పడొద్దు, కారుతుంటే మాత్రం పీసీవీ వాల్వ్ మూసుకుపోయిందేమో చూడండి.

పీ0171 ఎర్రర్ కోడ్ అంటే పెట్రోల్-గాలి మిశ్రమంలో గాలి ఎక్కువ. నా అనుమానం మొదటి పైపు మీదే, అది పగిలితే అక్కడినుంచి అదనపు గాలి లోపలికి పోతుంది. వంపు దగ్గర అడుగువైపు వేలితో నొక్కి చూడండి, పగులు పైనుంచి కనబడదు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) ఉన్న బండైతే రెండో పైపు చీలినా ఇదే కోడ్ రావచ్చు.

జవాబు 2:
ఐడిల్‌లో పీసీవీ వాల్వ్‌ని కవర్ నుంచి ఊడదీసి, పైపు తగిలించే ఉంచి, మూతికి వేలు అడ్డం పెట్టండి. గట్టిగా లాగాలి. లాగకపోతే వాల్వో పైపో పూడింది. అలాగే వదిలేస్తే లోపల ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. వాల్వ్ తెరుచుకునే ఇరుక్కుంటే ఐడిల్ చెడుతుంది, ఆయిల్ కూడా తగ్గుతుంది.

జవాబు 3:
కొత్త పైపు ఆయిల్‌కి తట్టుకునే రకమే వేయండి. కూలెంట్ పైపు ముక్క వేస్తే ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడి, వాక్యూమ్‌కి లోపలికి అతుక్కుపోతుంది.