ప్రమాదస్థలం నుంచి లైవ్ పెట్టడం తప్పా, కాదా?

హైవే పక్కోడు: మొన్న మా ఊరి బైపాస్‌లో బస్సు బోల్తా పడింది. అంబులెన్స్ రాకముందే ఒక లోకల్ యూట్యూబ్ ఛానల్ లైవ్ మొదలైంది. దెబ్బలు తగిలినవాళ్ల మొహాలన్నీ కనిపించాయి. మా పక్కింటాయనకి తమ్ముడు అందులో ఉన్నాడని ఆ లైవ్ చూసే తెలిసింది. నేను తప్పంటే, మా వాట్సాప్ గ్రూపులో సగం మంది "జనానికి తెలియాలి కదా" అంటున్నారు.

గోదారోడు: తప్పే. 2008లో ముంబై దాడులప్పుడు నారిమన్ హౌస్ మీద కమాండోలు దిగడం టీవీల్లో లైవ్‌గా వచ్చింది. అవతల పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్లు టీవీ చూస్తూ ఇక్కడి ముష్కరులకు ఫోన్లో చెప్పారు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను గట్టిగా తప్పుపట్టింది. ఉగ్రవాదుల మీద ఆపరేషన్లు జరుగుతుంటే లైవ్ చూపించొద్దని 2015లో టీవీ ఛానళ్లకు నిబంధనే వచ్చింది. ఫోనున్న ప్రతివాడూ ఇప్పుడు ఛానలే కదా!

పాలమూరు పిల్ల: అన్నా, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. 2016 జూలైలో అమెరికాలోని మిన్నెసోటాలో కారులో ఉన్న ఫిలాండో కాస్టిల్ అనే అతన్ని పోలీసు కాల్చిన వెంటనే, పక్క సీట్లో ఉన్న ఆయన స్నేహితురాలు ఫేస్‌బుక్ లైవ్ పెట్టింది. రికార్డు చేసి ఊరుకుంటే? ఫోన్ లాక్కుంటే అయిపోయేది.

గోదారోడు: ఒప్పుకుంటానమ్మా. కానీ ఆమె చూపించింది తన మీదికి వచ్చిన ఆపదని, తుపాకీ పట్టుకున్నవాడిని. బస్సు కింద పడున్నవాడు "నన్ను తీయొద్దు" అని కూడా అనలేడు.

డెస్క్ బాబు: నేనూ లోకల్ ఛానల్లోనే చేస్తా. పది నిమిషాలు ఆగితే వ్యూస్ పక్క ఛానల్‌కి పోతాయి, నిజం. ఎవరైనా అడిగితే డిలీట్ చేస్తాం.

పాలమూరు పిల్ల: డిలీట్ చేస్తే పోతుందా? 2019లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదు కాల్పుల లైవ్‌ను అది నడుస్తుండగా చూసింది 200 మంది కూడా లేరని ఫేస్‌బుక్కే చెప్పింది. మొదటి 24 గంటల్లో తీసేసిన కాపీలు మాత్రం 15 లక్షలు! ఈ విషయంలో నేను గోదారోడన్న వైపే. రికార్డు చేసి, మొహాలు బ్లర్ చేసి పెట్టుకోండి. ట్రాఫిక్ జామ్ గురించి చెప్పాలంటే రోడ్డు చూపించండి, చాలు.

హైవే పక్కోడు: లైవ్ తీసేశారు గానీ, ముక్కలు షార్ట్స్‌లో తిరుగుతున్నాయి. పక్కింటాయన యూట్యూబ్‌కి కంప్లయింట్ పెట్టొచ్చా?

డెస్క్ బాబు: ప్రైవసీ కంప్లయింట్ మామూలుగా వీడియోలో ఉన్న మనిషే పెట్టాలి. తమ్ముడు కోలుకున్నాక ఆయన చేతే పెట్టించండి. ఈలోపు ఆ లింకులన్నీ రాసిపెట్టుకోండి.