ట్రిప్లికేన్ పాత లాడ్జీలో ఉమ్మడి బాత్రూం: పెద్దవాళ్లతో దిగొచ్చా?

మేడగది: అమ్మకి కాటరాక్ట్ ఆపరేషన్. చెన్నైలో మూడు రాత్రులు. లోగిలి, టేకు దూలాలు ఉన్న పాత లాడ్జి, అద్దె తక్కువ. బాత్రూం మాత్రం వసారా చివర, అందరికీ కలిపి. ఏమంటారు?

గోదారోడు: వద్దు. కంటికి కవచం పెట్టుకున్న మనిషి అర్ధరాత్రి తడి వసారా దాటాలా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, జల్లు లోపలికి కొడుతుంది. పైగా అక్కడ ఇండియన్ లెట్రినే అయితే మోకాళ్ల సంగతేంటి?

పాతగోడ: అటాచ్డ్ కట్టించకపోవడం పిసినారితనం అనుకుంటారు గానీ, చిక్కంతా మద్రాస్ టెర్రస్ కప్పుతో. టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, ఐమూలగా సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నం కాంక్రీటు పరిచి దిమ్మిస కొడతారు. మేడమీద బాత్రూం అంటే నేల దించి పైపులు వెయ్యాలి. దించడానికి స్లాబు ఏదీ? ట్రాప్ (వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే పైపు వంపు) చుట్టూ చెమ్మ ఊరితే గోడలోకి దూరిన దూలం కొన ముందు కుళ్లుతుంది, చెదలు పడుతుంది, పైకి ఏమీ కనపడదు. బాత్రూంలు తగిలించిన పాత మేడకంటే తగిలించనిదే నాకు నమ్మకం.

సెంట్రల్ స్టేషన్: గీజరు లెక్క చూడండి. 25 లీటర్లు 60 డిగ్రీలకి కాగితే గోరువెచ్చగా 20 లీటర్ల బకెట్లు మూడొస్తాయి. మళ్లీ కాగడానికి 2 కిలోవాట్లదైతే అరగంట. బాత్రూంకి మూడు గదులు మించితే పొద్దున్నే క్యూ తప్పదు. నీట్‌గా ఉంటుందా అంటే ఏ మేనేజరైనా ఉంటుందనే చెప్తాడు. కుళాయిలో బోరు నీళ్లా, మెట్రో వాటరా (నగర సరఫరా నీళ్లు) అని అడగండి. సముద్రం పక్కన బోరు ఉప్పెక్కితే సబ్బు నురగ రాదు. లోపలి గడియ పడుతుందా, బట్టలకి కొక్కెం ఉందా చూడండి. గది తలుపుకి గొళ్లెం ఉంటే మీ సొంత తాళం తెచ్చుకోండి.

గోదారోడు: పాతగోడ గారూ, దూలం బాగుంటే సరిపోయిందా? మనిషి జారిపడితే?

పాతగోడ: కింద వాటాలో, బాత్రూం పక్క గది అడగాలి. వాసనొస్తే ట్రాప్‌లో నీళ్లు ఎండాయన్నమాట, ఒక చెంబు పొయ్యండి.

మేడగది: ఆపరేషన్ రాత్రి ఒక్కటీ ఆసుపత్రి దగ్గర అటాచ్డ్ గది తీసుకుని, మిగతా రెండూ ఇక్కడైతే?

గోదారోడు: మరి సామాను ఎవరు మోస్తారండీ?