అప్‌డేట్: డేగ దొరికింది

టెక్సస్‌లో ఉంటున్న మనలాంటి వాళ్లు డేగను పట్టి వేట నేర్పడం లీగలేనా, స్పాన్సర్ (మన పూచీ తీసుకుని నేర్పే సీనియర్) ఎలా దొరుకుతాడు అని అప్పట్లో అడిగాను కదా, దాని అప్‌డేట్ ఇది.

లీగలే. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు గానీ ఇక్కడ పర్మిట్ ఉంటే చాలు. రాతపరీక్షలో 80 శాతం రావాలి, పక్షి ఉండే గదిని చూసి ఓకే చెయ్యాలి, కనీసం రెండేళ్లు ఒక సీనియర్ చేతి కింద అప్రెంటిస్‌గా ఉండాలి. స్పాన్సర్ దొరకడమే అసలు కష్టం. నా స్పాన్సర్ నాతో చాలాకాలం తన పక్షి రెట్టలు కడిగించాకే సంతకం పెట్టాడు, అదీ న్యాయమేలెండి.

పట్టింది బాల్‌చత్రితో. ఇది మన దేశపు వేటగాళ్ల పాత ఉచ్చుబోను. చిన్న తీగ బోనులో ఎలుక, పైన నైలాన్ ఉచ్చులు. కరెంటు స్తంభం మీద రెడ్‌టెయిల్ (ఎర్రతోక డేగ) కనిపిస్తే కారు స్లో చేసి దాని కింద బోను జారవిడిచి ముందుకెళ్లిపోవాలి. మొదట పడిన దానికి తోక ఎర్రగా ఉంది, అంటే ఏడాది దాటిన పక్షి, అప్రెంటిస్ ఉంచుకోకూడదు, వెంటనే వదిలేశాం. తర్వాతది గోధుమరంగు చారల తోక, పసుపు కళ్లు, ఏడాది నిండని పిల్ల. ఉచ్చులోంచి వేళ్లు విడదీస్తుంటే నోరు తెరిచి బుస కొట్టింది, నా టెన్షన్ చెప్పక్కర్లేదు.

పక్షిని పట్టిన పది రోజుల్లోపు ఆన్‌లైన్ రిపోర్ట్ ఇవ్వాలి, అది అయిపోయింది. ఇప్పుడు రోజూ దాన్ని గ్రాముల లెక్కన తూస్తున్నా, నిన్ననే గ్లవ్ మీద మాంసం తింది.